అడుగంటని బొగ్గుపులుసు

తెలుగు భాషను కాపాడాలని ప్రభుత్వానికి అప్పుడప్పుడూ గట్టిగా అనిపిస్తుంటుంది. అలా అనిపించిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి కొంప మునుగుతుంది. ఈసారి మునిగింది డాక్టర్ ఇందూరి వైదేహిది.

ఆవిడ ప్రత్యామ్నాయ ఇంధన పరిశోధనా సంస్థలో శాస్త్రవేత్త. నగరం దాటాక, రాళ్ళగుట్టల మధ్య, బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయిన భవనం అది. అక్కడ ఆవిడ చేసే పని చెప్పడానికి తేలిక. ఫ్యాక్టరీ పొగగొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడును పట్టుకుని, కరెంటుతో విడగొట్టి, మళ్ళీ మంటకు పనికొచ్చే గాలిగా మార్చడం. దానికి కావలసిందల్లా జానెడు పొడుగు, బొటనవేలంత లావు ఉండే ఒక నల్లటి సెరామిక్ గొట్టం. ఆ గొట్టం గోడే ఎలక్ట్రోడు. ఫర్నేసులో పెట్టి ఎనిమిది వందల డిగ్రీలకు వేడిచేసి, లోపలికి ఆ వాయువు పంపి కరెంటు పెడితే, అది వాయువులోంచి కాస్త ఆక్సిజన్ని గుంజేస్తుంది. మిగిలింది మండుతుంది.

చెప్పడానికి ఇంతే. చేయడానికే వైదేహికి జుట్టు నెరిసింది. పాతరకం ఎలక్ట్రోడ్లు కొన్నాళ్ళు బుద్ధిగా పనిచేసి, తరవాత మసిపట్టి, సన్నటి రంధ్రాలన్నీ మూసుకుపోయి ఊపిరాడక చచ్చేవి. ఆవిడ ఏవేవో పొడులు ఏవేవో పాళ్ళలో కలిపి, కాల్చి, పారేసి, మళ్ళీ కలిపి, చివరికి మసిపట్టని సెరామిక్ ఒకటి తయారుచేసింది. ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి చూశారు. ఈ గొట్టం ఎండాకాలమంతా ఆరకుండా, మసిపట్టకుండా నడిస్తే తమ పొగగొట్టం పక్కన పెద్దది కట్టిస్తామన్నారు. నడవకపోతే అదే సొమ్ముతో గేటు ముందు ఫౌంటెన్ కట్టిస్తామన్నారు. ఫౌంటెన్ నమూనా కూడా అప్పటికే ఎంచుకున్నారట.

ఇక్కడ ఇంకొక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ గొట్టం ఒకసారి వేడెక్కాక మళ్ళీ చల్లారకూడదు. దానిలో పొరలున్నాయి. ఒక్కో పొర ఒక్కో తీరున ముడుచుకుంటుంది కాబట్టి చల్లారితే పగులుతుంది. ఇది వైదేహికి తెలుసు, ఇప్పుడు మనకూ తెలుసు. సంస్థకు తెలియాలన్న నియమం ఎక్కడా లేదు.

ఫిబ్రవరిలో సర్క్యులర్ వచ్చింది. ప్రభుత్వ సంస్థల్లో ఉన్న ప్రతి వస్తువు పేరూ ఇకమీదట అచ్చ తెలుగులోనే ఉండాలి. "పరభాషా నామము గల వస్తువు స్టాకునందు లేనట్లే భావించబడును" అని దాని సారాంశం. ఒక్క వారంలో సంస్థలో ఫ్యాన్లన్నీ విసనయంత్రాలయ్యాయి. కంప్యూటర్లు గణకయంత్రాలయ్యాయి. గణకము అంటే లెక్క కనుక, లెక్కలు తమ సొత్తు కనుక, అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు వచ్చి ప్రయోగశాలల్లో ఉన్న కంప్యూటర్లన్నీ ఎత్తుకుపోయారు.

వైదేహి మాత్రం కొంచెం సరదాపడింది కూడా. చిన్నప్పుడు జగిత్యాల బడిలో సైన్సు మాస్టారు కార్బన్ డయాక్సైడును బొగ్గుపులుసు వాయువు అనేవాడు. ఆ మాట ఎన్నాళ్ళకో నోటికి తగిలింది. కూర్చుని ముచ్చటగా రాసింది: బొగ్గుపులుసు వాయువు నుండి ఇంధనము తయారుచేయు పింగాణీ విద్యుద్ఘటము. రాసి రెండుసార్లు చదువుకుంది. తన గొట్టానికి పట్టుచీర కట్టినట్టు అనిపించింది.

ఆ కాగితం పట్టుకుని స్టోర్స్ ఆఫీసర్ గుండవరం రామకిషన్ రావు దగ్గరికి వెళ్ళింది. రామకిషన్ రావు చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, మధ్యాహ్నం నిద్రపోడు. నియమాన్ని ప్రేమిస్తాడు, అంతే. అంతకన్నా లంచం తీసుకునేవాడితో వేగడం సులువని అనుభవజ్ఞులు అంటారు.

ఆయన కాగితం చదివి, తన ముందున్న తెర వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇంత పొడుగు పేరు గడిల పట్టది మేడమ్. జర చిన్నగ చేద్దాం. ఒక్కొక్కటి చూద్దాం. వాయువు కండ్లకు కనపడుతదా?"

"కనపడదు సార్."

"కనపడంది స్టాకుల ఎట్ల రాస్తం? రేపు ఆడిటోళ్ళొచ్చి చూపెట్టుమంటే ఏం చూపెడ్తం?" వాయువును కొట్టేశాడు. "ఇంధనము తయారుచేయు అని రాసిండ్రు. తయారైందా?"

"ఇంకా గొట్టమే పెట్టలేదు కదా సార్."

"కానిది అయిందని రాస్తె తప్పుడు లెక్కయితది." ఇంధనమూ పోయింది. "విద్యుత్తు అంటె కరెంటు. కరెంటు మనది కాదు, ఎలక్ట్రికల్ సెక్షనోళ్ళది. వాళ్ళ సొత్తు మన స్టాకుల ఎక్కిస్తె కొట్లాటకొస్తరు."

విద్యుత్తు కూడా పోయాక తెర మీద మిగిలింది: బొగ్గుపులుసు పింగాణీ ఘటము.

"ఇగో, ఎంత ముద్దుగున్నదో చూడుండ్రి," అన్నాడు రామకిషన్ రావు.

వైదేహి తెర మీది మాటలను పైకి చదివింది. "సార్, ఇట్ల చదివితే పులుసు కుండ అనే అర్థం వస్తది."

"అర్థంతోని మనకేం పని మేడమ్. మనది స్టాకు."

ఆయన మీట నొక్కాడు. కంప్యూటరు ఎవరి పక్షమూ కాదు. అది పులుసును చూసి ఆహారము అంది, పింగాణీని చూసి భోజన సామగ్రి అంది, ఘటమును చూసి వంటపాత్రలు అంది. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్పాక ఇంక తీర్పేముంది. వైదేహి ఎలక్ట్రోడు గెస్ట్‌హౌస్ వంటింటి స్టాకులో చేరింది.

"ఇది తప్పు సార్," అంది వైదేహి.

"అయితే దిద్దుబాటు దరఖాస్తు పెట్టుకోండ్రి. మీకు హక్కున్నది. ఆర్డరు వస్తది."

"ఎప్పుడొస్తది?"

"వచ్చినప్పుడొస్తది."

దరఖాస్తు పెట్టింది. కోపంగానే రాసింది, ఘాటుగా రాసింది, నకళ్ళు పై ఆఫీసులన్నిటికీ పంపింది. ఈలోగా మరో నియమం బయటపడింది. పరిశుభ్రత దృష్ట్యా వంటపాత్రలు ప్రయోగశాలలో ఉండరాదు. కనుక గొట్టం, దాన్ని కాల్చే ఫర్నేసు, ఫ్యాక్టరీ పొగలోంచి పట్టి నింపిన గ్యాసు సిలిండర్లు, మీటర్లు అన్నీ ట్రాలీ ఎక్కి గెస్ట్‌హౌస్ వంటింటికి ఊరేగాయి. అక్కడ బియ్యం డబ్బాకూ గ్రైండరుకూ మధ్య కాస్త చోటు దొరికింది.

వంటింటికి రాజు జహంగీర్. గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటాడు. సంస్థ పుట్టినప్పటి నుంచీ వచ్చిన ప్రతి పెద్దమనిషికీ వండిపెట్టాడు. అందులో ఎవరు ఏ పరిశోధన చూడ్డానికి వచ్చారో ఆయనకు తెలియదు కానీ, ఎవరికి వంకాయ పడదో తెలుసు. ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేం పులుసు మేడమ్? చింతపండుదా?"

"పులుసు కాదు జహంగీర్ భాయ్. గాలి. పొగ లేదూ, పొగ... దాన్ని మళ్ళ మంట చేస్తం."

"పొయ్యిలకెల్లి పొగ రావుడు చూసిన. పొగలకెల్లి పొయ్యి రావుడు చూడలే." కొంచెం ఆలోచించి వంటవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. "అడుగంటుతదా?"

వైదేహి నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి. "ఇన్నేండ్ల నుంచి నా బాధంత అదే. పాతవి అడుగంటేవి. మసి పట్టేది. ఇది అంటదని నా నమ్మకం. మంట మాత్రం ఎండలు పోయేదాక ఆరొద్దు. ఆరితే పలుగుతది."

"నా వంటింట్ల మంట ఆరది," అన్నాడు జహంగీర్. ఆయన గొప్పలు పోలేదు, ఉన్నమాటే చెప్పాడు. ఇంధన సంస్థ గనక పదిమందికీ ఆదర్శంగా ఉండాలని, సాయంత్రం ఐదింటికి ప్రయోగశాలలన్నిటికీ కరెంటు తీసేస్తారు. గెస్ట్‌హౌస్ వంటింటికి మాత్రం ప్రత్యేకంగా జనరేటరు ఉంది. ఎప్పుడో ఒక పెద్దమనిషికి చల్లారిన ఉప్మా పెట్టిన పాపానికి అప్పటి డైరెక్టరుకు బదిలీ అయింది. ఆ తరవాత ఆ వంటింట్లో కరెంటు రెప్పపాటు కూడా పోలేదు.

ఫర్నేసును మెల్లగా వేడెక్కించారు. గొట్టం ఎర్రబడింది. వాయువు వెళ్ళింది, కరెంటు వెళ్ళింది. అవతలి సన్నగొట్టం కొసన జహంగీర్ అగ్గిపుల్ల గీసి పెట్టాడు. చిటికెనవేలంత నీలం మంట లేచి నిలబడింది. ఆ గాలిని ఊరికే వదిలితే విషం, మండిస్తే మేలు అని వైదేహి చెప్పింది. మండేదాన్ని ఊరికే మండించడం జహంగీర్‌కు చేతకాదు. మర్నాడు ఆ మంట మీద చిన్న గిన్నె పెట్టాడు. చాలాసేపు పట్టింది కానీ టీ కాగింది. ఫ్యాక్టరీ పొగతో కాచిన టీ తాగుతూ వైదేహి, తన ప్రయోగశాలలో ఉండి ఉంటే ఈ గొట్టం మొదటిరోజు ఐదింటికే చచ్చిపోయి ఉండేదని గ్రహించింది. తప్పు ఎంత చల్లటి నీడనిస్తుందో ఆవిడకు అప్పుడే తెలిసింది. దరఖాస్తు సంగతి మరిచిపోయింది.

ఏప్రిల్ దాటింది. మీటర్లు మొదటిరోజు ఏ అంకె చూపాయో అదే చూపుతున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు ఫోనుచేసి అడిగారు, నడుస్తోందంది. ఫౌంటెన్ వాళ్ళను కాస్త ఆగమన్నామని వాళ్ళు చెప్పారు. వైదేహి ఇంటికి వెళ్ళి చాలాకాలానికి కంటినిండా నిద్రపోయింది.

కానీ వంటింటికీ నియమాలున్నాయి. ఒక రోజుకు మించి పొయ్యి మీద ఉన్న వంటకాన్ని రుచుల కమిటీ చూసి ధ్రువీకరించాలి. ఈ పులుసు నెలలుగా పొయ్యి మీదే ఉందని ఎవరో కనిపెట్టారు. మే నెలలో ఒక మధ్యాహ్నం డైరెక్టర్ చక్రపాణి గారి అధ్యక్షతన, రామకిషన్ రావు సభ్యకార్యదర్శిగా కమిటీ వంటింట్లో అడుగుపెట్టింది. డైరెక్టరు గారు వైదేహి ప్రయోగశాలకు ఎన్నడూ వెళ్ళలేదు. వంటింటికి దారి ఆయనకు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది.

ఫర్నేసు మీద వైదేహి ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టింది: విషవాయువు, పీల్చరాదు. డైరెక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"ఘాటు కొంచెం అధికమన్నమాట," అన్నారు.

"సార్, ఇది తినేది కాదు. దీన్ని పీలిస్తే మనిషి చచ్చిపోతడు," అంది వైదేహి.

"వంటకారుల వినయం అట్లాగే ఉంటుంది. అమ్మా, సంప్రదాయ వంటకముల పునరుద్ధరణ దిశగా మీరు సలుపుతున్న కృషిని సంస్థ హర్షాతిరేకంతో గమనిస్తున్నది. అయితే ఒక్క విషయంలో నా మనస్సు క్షోభిస్తున్నది. మన సంస్థ ఇంధన సంస్థ. స్థాపించిన నాటి నుండి నేటి దాకా ఒక్క చుక్క, ఒక్క బొట్టు, ఒక్క మంట ఇంధనమైనా మనం తయారుచేయలేకపోయాము. ఆ లోటును తీర్చే మహనీయుడు ఎవరో, ఎక్కడున్నాడో." ఆయన నిట్టూర్చి చేతిలోని టీ తాగారు. "టీ మాత్రం అమోఘం జహంగీర్."

ఆ టీ నీలం మంట మీద కాచినదే. జహంగీర్ వైదేహి వైపు చూశాడు. వైదేహి నోరు తెరవబోయి ఆగింది. ఈ మంట ఇంధనమని ఒప్పుకుంటే గొట్టం వంటపాత్ర కాకుండా పోతుంది. వంటపాత్ర కాకపోతే ఈ వంటింట్లో ఉండకూడదు. జీవితమంతా ఎవరైనా అడిగితే చెప్పాలని దాచుకున్న మాటను ఆవిడ ఆ మధ్యాహ్నం గుటక వేసి మింగింది. గొంతులో చాలాసేపు మండింది.

కమిటీలో ఎవరూ ఫర్నేసుకు మూడు బారల దగ్గరికి పోలేదు. అయినా ధ్రువీకరణ మర్నాడే వచ్చింది. రూపము: అదృశ్యము. వాసన: లేదు. రుచి: ఉప్పు కొంచెం తక్కువ. అడుగంటలేదు.

వైదేహి ఆ చివరి మాటను మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇన్నేళ్ళ తన పరిశోధన మీద ప్రభుత్వం సంతకం చేసి ఇచ్చిన ఒకే ఒక్క నిజం అది.

జూన్ మొదటి వారంలో రామకిషన్ రావు స్వయంగా వంటింటికి వచ్చాడు. ముఖం పెళ్ళిపెద్ద ముఖంలా ఉంది. చేతిలో ఆర్డరు.

"మేడమ్, మీ దరఖాస్తు గెలిచింది. తప్పు తప్పేనని పైనుంచి రాసిండ్రు. మీది పులుసుకుండ కాదు, ఎలక్ట్రోడేనట. అందుకోసమని ఈ ఒక్క మాటకు తెలుగుల సడలింపు గూడ ఇచ్చిండ్రు."

వైదేహి చేతిలో గ్లాసు కింద పెట్టింది. "సార్, మంచిగైంది. కానీ కొన్నాళ్ళు ఇట్లనే ఉండనీయండ్రి. ఒక్క నెల. వానలు పడేదాక."

"ఎట్లుంటది మేడమ్? తప్పని తెలిసినంక తప్పును స్టాకుల ఉంచితె నా కొలువు పోతది. వంటింటి లెక్కలకెల్లి తీసి, స్టోర్స్‌ల అప్పజెప్పి, మళ్ళ కొత్త లెక్కల ఎక్కించాలె. వంటపాత్ర అప్పజెప్పుడంటె రూలున్నది. కడిగి, తుడిచి, చల్లార్చి ఇయ్యాలె."

"చల్లారిస్తే పలుగుతది సార్. మళ్ళ మళ్ళ చేయాలంటే పొడి లేదు. ఒక్క గొట్టానికి సరిపోను మిగిలింది, అంతే. ఎండాకాలమంత పోయింది, కొసకొచ్చినం."

"మీరే కద మేడమ్ అడిగింది," అన్నాడు రామకిషన్ రావు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజమైన బాధే ఉంది. అడిగింది ఇస్తే ఏడ్చే మనిషిని ఆయన మొదటిసారి చూస్తున్నాడు.

ఆ సాయంత్రమే వైదేహి ఇంకో దరఖాస్తు పెట్టింది. తన మొదటి దరఖాస్తు తప్పనీ, తప్పునే ఒప్పుగా కొనసాగించవలసిందనీ ప్రాధేయపడింది. ఒప్పుకున్న తప్పును తప్పని దిద్దడానికి ముందు, ఆ తప్పు తప్పు కాదని నిరూపించాలని జవాబు వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఏమిటో వైద్యులకన్నా దరఖాస్తుదారులకే బాగా తెలుస్తుంది.

డైరెక్టరు గారు దీన్ని ఊరికే పోనివ్వలేదు. ఒక సామాన్య ఉద్యోగిని పోరాడి తప్పును దిద్దించడం సంస్థ చరిత్రలో మొదటిసారి. అందుకు వంటింట్లోనే చిన్న సన్మానం ఏర్పాటు చేశారు. ఉదయం జహంగీర్ చేతే స్విచ్ ఆపించారు. ఫర్నేసు ఒక మూల చల్లారుతుండగా, ఇంకో మూల మైకు పెట్టారు. వైదేహికి శాలువా కప్పారు. జూన్ ఎండలో ఉన్ని శాలువా.

"సత్యమేవ జయతే అన్న ఆర్యోక్తికి డాక్టర్ వైదేహి గారు సజీవ నిదర్శనము," అని డైరెక్టరు గారు అందుకున్నారు. "నేడు ఈ ఎలక్ట్రోడు తన నిజ నామమును తాను తిరిగి పొందినది. ఇది ఒక వస్తువు గెలుపు కాదు, ఒక వ్యవస్థ గెలుపు. మన వ్యవస్థలో ఆలస్యము ఉండవచ్చును గానీ..."

ఫర్నేసులో టిక్కుమంది. చిన్న చప్పుడు. మైకు ముందు దాన్ని ఎవరూ వినలేదు. వైదేహి విన్నది, జహంగీర్ విన్నాడు. ఆవిడ శాలువా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సన్మాన గ్రహీత ఆనందబాష్పాలు రాల్చారని సంస్థ వార్తాపత్రికలో వేశారు.

గొట్టం రెండు ముక్కలుగా బయటికి వచ్చింది. లోపల మసి చుక్క కూడా లేదు. అద్దంలా ఉంది. ఆ ముక్కలను రెండు చేతుల్లో పట్టుకుని వైదేహి స్టోర్స్‌లో నిలబడితే, రామకిషన్ రావు వంగి రెండు ముక్కలనూ పరిశీలించాడు.

"మేడమ్, ఇదొక్కటి చెప్పుండ్రి. ఇది పింగాణీగ పలిగిందా, ఎలక్ట్రోడుగ పలిగిందా?"

"అంటే?"

"పింగాణీగ పలిగితె జహంగీర్ జీతంల కోస్తం. ఎలక్ట్రోడుగ పలిగితె మీ మీద ఎంక్వైరీ."

వైదేహికి నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ రానంత కోపం. "మీ సన్మానం నడుస్తుంటే పలిగింది సార్. అప్పటికి వంటింటి లెక్కల లేదు, మీ లెక్కల ఇంక ఎక్కలేదు. ఏ లెక్కల లేని వస్తువు ఎట్ల పలుగుతది?"

రామకిషన్ రావు ముఖం విప్పారింది. అంత చక్కటి వాదన ఆయన సర్వీసులో వినలేదు. లేని వస్తువు పగలజాలదు. అలాగే రాశాడు. ఆ పైన, ఎలక్ట్రోడు తిరిగి ఇచ్చారు కనుక బదులు ఎలక్ట్రోడు ఇవ్వడం తన ధర్మమని, లోపలికి వెళ్ళి ఒక కట్ట వెల్డింగ్ రాడ్లు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. సంస్థకు తెలిసిన ఎలక్ట్రోడ్లు అవే. వైదేహి వాటిని చంకన పెట్టుకుని వంటింటికి నడిచింది.

జహంగీర్ టీ ఇచ్చాడు. గ్యాసు పొయ్యి మీద కాచిన టీ. ఇద్దరూ చల్లారిన ఫర్నేసు పక్కన కూర్చున్నారు. ఆ రోజే సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు ఫోనులో ఆఖరి మాట చెప్పారు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడితే దసరా దాకా చూస్తాం, ఆ తరవాత ఫౌంటెనే.

"పొడి ఒక్క గొట్టానికే ఉంది జహంగీర్ భాయ్," అంది వైదేహి. "చేస్త. మళ్ళ పెడ్త. కానీ ఏం పేరు రాయాలె? పులుసు అంటే రుచి చూస్తమంటరు. ఎలక్ట్రోడంటే వెల్డింగంటరు. ఏం రాసినా ఒకరోజు వచ్చి, మూత తీయి, చల్లార్చు, చూపెట్టు అంటరు."

జహంగీర్ గడ్డం గోక్కున్నాడు. "మూత తీయుమని ఎవ్వరు అడగంది ఒక్కటే ఉన్నది మేడమ్, నా వంటింట్ల." పై అరవైపు చూపించాడు. అక్కడ తెల్లగుడ్డ వాసెన కట్టిన పింగాణీ జాడీ ఉంది. "తొక్కు జాడీ. ఊరేదాక డైరెక్టరు గూడ ముట్టడు. ముట్టనిస్తె బూజు పడుతదని ఆయనకు గూడ తెలుసు."

వైదేహి జాడీ వైపు చూసింది. అది పింగాణీదే. తన గొట్టమూ పింగాణీయే. ఆ చూపులోనే ఉపాయమంతా ఉంది.

జూన్ చివర్లో కొత్త గొట్టం ఫర్నేసులోకి వెళ్ళింది. చుట్టూ ఎడంగా ఇనుప చట్రం పెట్టించి, దానిమీద తెల్లగుడ్డ పరిచి దారంతో వాసెన కట్టారు. స్టాకులో రాసిన పేరు ఈసారి గడిలో చక్కగా పట్టింది: మామిడికాయ తొక్కు, పింగాణీ జాడీ. ఎదుటి గడిలో: ఊరుతున్నది.

ఆగస్టులో వార్షిక తనిఖీ వచ్చింది. కంటితో చూడని వస్తువు లేనట్టే లెక్క. రామకిషన్ రావు చెంచాలూ గరిటెలూ తానే పట్టి చూస్తూ, తెల్లగుడ్డ దాకా వచ్చాడు. చెయ్యి చాచాడు.

"తడిచెయ్యి సార్," అన్నాడు జహంగీర్ మెల్లగా.

రామకిషన్ రావు నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండడుగులు వెనక్కి జరిగి చెప్పులు కూడా విడిచాడు. "తప్పైంది. మా అమ్మ చూసుంటె చెయ్యి ఇరగ్గొట్టేది. చిన్నప్పుడు జాడీ ఉన్న అర్రలకు మమ్ముల తొంగిసూడ గూడ సూడనియ్యకపోయేది. కన్ను పడితె చెడిపోతదనేది." నెలల తరబడి ఏ వాదనకూ ఆగని మనిషి అక్కడ ఆగిపోయాడు. "చానా వేడిగున్నది మేడమ్ ఈడ."

"ఆవాలు సార్. వేడి చేస్తయి," అంది వైదేహి.

ఆయన తలూపి పెన్ను తీశాడు. కంటితో చూడలేదు అని రాశాడు. కాసేపు గాలి పీల్చి, ఉన్నది అని రాశాడు. మామిడికాయ వాసన పై అరమీది జాడీది.

దసరాకు ముందు సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీర్లు వచ్చారు. వైదేహి వాసెన విప్పింది. మీటర్లలో అంకె మొదటిరోజు అంకే. నీలం మంట మొదటిరోజు మంటే. వాళ్ళు వంగి చూశారు, ఏవో కొలుచుకున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన ఫౌంటెన్ వాళ్ళకు అక్కడి నుంచే ఫోనుచేసి వద్దన్నాడు. వైదేహి గ్రైండరు పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. ఈసారి వచ్చినవి నిజంగా ఆనందబాష్పాలే. వాటిని ఏ పత్రికా వేయలేదు.

వాళ్ళు వెళ్ళాక గుమ్మంలో ఎవరో దగ్గారు. రామకిషన్ రావు. చేతిలో ఇంటి నుంచి తెచ్చిన చిన్న స్టీలు డబ్బాను మొహమాటంగా వెనక్కి దాచుకుని ఉన్నాడు.

"వాసెన ఇప్పిండ్రని తెలిసింది. ఊరిందా మేడమ్?"

వైదేహి ఫర్నేసు వైపు చూసింది. తరవాత ఆయన వైపు చూసింది. ఆ ముఖంలో నియమం లేదు, ఆకలి ఉంది. కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు.

"ఊరింది సార్. మంచిగ ఊరింది."

జహంగీర్ పై అరమీది జాడీ దించి డబ్బా నింపి ఇచ్చాడు. రామకిషన్ రావు అక్కడే నిలబడి ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తరవాత వేలు తుడుచుకుని, పెన్ను తీసి, ప్రత్యామ్నాయ ఇంధన పరిశోధనా సంస్థ ఆ ఏడాది సాధించిన ఫలితాల గడిలో జాగ్రత్తగా రాశాడు: ఈసారి ఉప్పు సరిపోయినది.